అర పెడల్ దగ్గర ఆగిపోయిన కారు: రోవర్ గ్యాస్ టర్బైన్ నమూనాలు, 1950–1965

1950 మార్చిలో ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ ట్రాక్ మీద రోవర్ కంపెనీ ‘జెట్ 1’ అనే నంబరు ప్లేటు తగిలించిన, పైకప్పు లేని ఒక కారును నడిపి చూపించింది. పిస్టన్లు గానీ, క్లచ్ గానీ, మామూలు గేర్‌బాక్స్ గానీ లేని ఆ కారు, గ్యాస్ టర్బైన్‌తో నడిచిన కార్లలో ప్రపంచంలోనే మొదటిది. పదిహేనేళ్ల తర్వాత, 1965 జూన్‌లో, అదే కంపెనీ టర్బైన్ కారు ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల రేసును పదో స్థానంలో ముగించింది. ఈ రెంటి మధ్య రోవర్ కట్టిన టర్బైన్ నమూనాలలో ఒక్కటి కూడా అమ్మకానికి రాలేదు.

నేను ఇంజిన్ డెవలప్‌మెంట్‌లో, ముఖ్యంగా టెస్ట్ బెడ్ (ఇంజిన్‌ను విడిగా బిగించి పరీక్షించే వేదిక) మీద ఇంధన ఖర్చును కొలిచి తగ్గించే పనిలో ఉన్నవాణ్ణి. నమూనా కార్ల చరిత్రలో ఇంత స్పష్టంగా చదవగలిగే కేసు నాకు మరొకటి కనిపించలేదు. ఈ కార్లు ఎందుకు ఆగిపోయాయని అడిగితే డబ్బు చాలలేదనో, లోహాలు ఓర్చుకోలేదనో, కాలానికి ముందే పుట్టాయనో అంటుంటారు. వాటిలో కొంత నిజం ఉంది. అయితే అసలు అడ్డంకి మొదటి కారులోనే, అంకెల్లోనే బయటపడింది: ఇంజిన్ పూర్తి శక్తితో పనిచేసినప్పుడు అద్భుతంగా ఉంది, యాక్సిలరేటర్ పెడల్ సగం కూడా నొక్కనప్పుడు దాని ఇంధన ఖర్చు భరించరానిదిగా ఉంది. తర్వాత వచ్చిన ప్రతి నమూనానూ ఆ ఒక్క లోపంతో జరిగిన పోరాటంగానే నేను చదువుతాను.

రోవర్‌కు టర్బైన్ ఎలా దొరికింది

రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాంక్ విటిల్ రూపొందించిన జెట్ ఇంజిన్‌ను ఉత్పత్తి చేసే బాధ్యతను బ్రిటిష్ ప్రభుత్వం రోవర్‌కు అప్పగించింది. బార్నల్డ్స్‌విక్, క్లిథెరో పట్టణాల్లోని పాత నూలు మిల్లుల్లో ఆ పని సాగింది. విటిల్‌కూ రోవర్‌కూ మధ్య సంబంధాలు చెడిపోయాయి, ఉత్పత్తి వెనుకబడింది. చివరకు రోల్స్ రాయిస్ జెట్ ఇంజిన్ పనిని తీసుకుని, బదులుగా మెటియోర్ ట్యాంకు ఇంజిన్ పనిని రోవర్‌కు ఇచ్చే ఒప్పందం కుదిరి, 1943లో చేతులు మారింది. జెట్ పోయినా దాని మీద సంపాదించిన అనుభవం రోవర్‌లో మిగిలింది. కంపెనీ చీఫ్ ఇంజినీరు మారిస్ విల్క్స్ యుద్ధం ముగిసీ ముగియగానే కారుకు సరిపోయే చిన్న టర్బైన్ మీద పరిశోధన మొదలుపెట్టి, రోల్స్ రాయిస్ నుంచి వచ్చిన ఫ్రాంక్ బెల్‌ను, తన మేనల్లుడు స్పెన్ కింగ్‌ను ఆ పనిలో పెట్టాడు. తర్వాతి కాలంలో రేంజ్ రోవర్‌కు రూపకర్తగా పేరు పొందిన స్పెన్ కింగ్ ఇతడే.

జెట్ 1 లోపల

పని ఎలా జరిగేదో చెప్పకుండా లోపం ఎక్కడుందో చెప్పడం కుదరదు. రోవర్ 75 సెడాన్ చాసీ మీద కట్టిన ఈ కారులో ఇంజిన్ సీట్ల వెనక ఉంది. పక్కలనున్న గాలి రంధ్రాల గుండా లోపలికి వచ్చిన గాలిని ఒక సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్ పీల్చి, సుమారు నాలుగు రెట్ల పీడనానికి నొక్కి దహన గదుల్లోకి పంపుతుంది. అక్కడ కిరోసిన్ లాంటి ఇంధనం నిరంతరం మండుతూ ఉంటుంది. పిస్టన్ ఇంజిన్‌లోలాగా ఆగి ఆగి పేలదు. ఆ వేడి వాయువు మొదట కంప్రెసర్‌ను తిప్పే టర్బైన్ మీదుగా, తర్వాత దానితో ఏ ఇరుసు బంధమూ లేని రెండో టర్బైన్ మీదుగా ప్రవహించి, వెనక డెక్ మీది గొట్టాల గుండా పైకి పోతుంది. చక్రాలను తిప్పేది ఈ రెండో టర్బైనే; దీన్నే పవర్ టర్బైన్ అంటారు. కంప్రెసర్ నిమిషానికి 40,000 చుట్లు, పవర్ టర్బైన్ 26,000 చుట్లు తిరిగేవి. ఆ వేగాన్ని గేర్లతో తగ్గించి వెనక ఇరుసుకు అందించేవారు. డ్రైవరు చేతికి ముందుకు, వెనక్కు అనే రెండు ఎంపికలు మాత్రమే ఉండేవి.

రెండు టర్బైన్లను విడదీయడం తెలివైన నిర్ణయం. కారు కదలకుండా నిలబడి ఉన్నా కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది, పవర్ టర్బైన్ నిశ్చలంగా ఉండి కూడా గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) ఇవ్వగలదు, కాబట్టి క్లచ్ అవసరమే ఉండదు. ఈ మృదుత్వం, కంపనం లేకపోవడం, ఏ ద్రవ ఇంధనంతోనైనా నడిచే స్వభావం ఆనాటి ఇంజినీర్లను ఎందుకు ఆకట్టుకున్నాయో సులభంగానే అర్థమవుతుంది. సుమారు 100 హార్స్ పవర్‌తో జెట్ 1 గంటకు 60 మైళ్ల వేగాన్ని 14 సెకన్లలో అందుకుంది. బ్రిటన్‌లోని రాయల్ ఆటోమొబైల్ క్లబ్ దీనికి డ్యూవార్ ట్రోఫీ ఇచ్చింది. 1952లో, శక్తిని 230 హార్స్ పవర్ దాకా పెంచిన ఇంజిన్‌తో బెల్జియంలోని యాబెకె రహదారి మీద అదే కారు గంటకు 152 మైళ్లు దాటింది. అంటే 244 కిలోమీటర్లకు పైమాట.

ఈ అంకెలన్నీ పూర్తి పెడల్ మీద తీసినవి. మైలేజీ అంకె మాత్రం గ్యాలన్‌కు ఆరు మైళ్ల ప్రాంతంలో, అంటే లీటరుకు రెండు కిలోమీటర్ల దగ్గర ఉండేది.

సగం శక్తి దగ్గర ఏం జరుగుతుంది

నా వృత్తికి దగ్గరి విషయం కాబట్టి దీన్ని కొంచెం విడమరిచి చెబుతాను. ఆ పరిమాణపు కారు, సుమారు 1,400 కిలోల బరువుతో, చదునైన రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో స్థిరంగా పోవడానికి చక్రాల దగ్గర కావలసింది దాదాపు 8 హార్స్ పవర్. గంటకు 100 కిలోమీటర్లకు సుమారు 25. ఇవి టైరు నిరోధాన్నీ గాలి నిరోధాన్నీ లెక్కగట్టి నేను వేసుకున్న అంచనాలు. అంటే 100 హార్స్ పవర్ ఇంజిన్ ఊళ్లో తిరిగేటప్పుడు తన సామర్థ్యంలో పదో వంతు కూడా వాడదు, హైవే మీద పావు వంతు వాడుతుంది, సిగ్నల్ దగ్గర ఏమీ వాడదు. కారు ఇంజిన్ బతుకులో అధిక భాగం ఇలా కింది అంచునే గడుస్తుంది.

టర్బైన్‌కు సరిగ్గా ఆ అంచే పడదు. లోపల పుట్టే మొత్తం శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులను కంప్రెసరే మింగేస్తుంది; మిగిలిన వంతే చక్రాలకు అందుతుంది. పెడల్ వదిలితే కంప్రెసర్ వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే పీడన నిష్పత్తి దాని వర్గానికి దాదాపు అనులోమంగా పడిపోతుంది. టర్బైన్‌లోకి వచ్చే వాయువు ఉష్ణోగ్రత కూడా దిగుతుంది. సామర్థ్యాన్ని నిలబెట్టే రెండు కాళ్లూ, పీడనమూ ఉష్ణోగ్రతా, ఒకేసారి కుంగిపోవడం వల్ల శక్తి పదో వంతుకు తగ్గినప్పుడు ఇంధనం పదో వంతుకు తగ్గదు. కంప్రెసర్‌ను ఆగకుండా తిప్పడానికే చాలా భాగం ఖర్చవుతుంది. కారు నిలబడి ఉన్నా నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ, జోరుగా ఇంధనం తాగుతూ ఉండే ఇంజిన్ ఇది.

దీనికి పరిమాణం తెచ్చే నష్టం కూడా తోడవుతుంది. విమానపు టర్బైన్‌లో బ్లేడు కొసకూ గోడకూ మధ్య ఉండే సందు బ్లేడు ఎత్తుతో పోలిస్తే చాలా స్వల్పం. కారు టర్బైన్‌లో బ్లేడు వేలెడు పొడవు కూడా ఉండదు, కానీ సందును అదే నిష్పత్తిలో తగ్గించలేం, ఎందుకంటే వేడికి లోహం వ్యాకోచించి గోడను రాసుకుంటుంది. ఆ సందులోంచి పని చేయకుండానే జారిపోయే వాయువు భాగం పెరిగిపోతుంది. పెద్ద ఇంజిన్లలోలాగా బ్లేడు లోపల చల్లగాలి దారులు తొలిచే వీలు లేకపోవడంతో ఉష్ణోగ్రతను కూడా బ్లేడు లోహం ఓర్చగలిగిన మేరకే పరిమితం చేయాల్సి వచ్చేది. అంటే పూర్తి పెడల్ మీద కూడా చిన్న టర్బైన్ పెద్దదానంత పొదుపరి కాదు.

డ్రైవింగ్‌లో ఎదురయ్యే మరో రెండు ఇబ్బందులు కూడా ఇదే నిర్మాణం నుంచి పుట్టాయి. పెడల్ నొక్కగానే ముందు కంప్రెసర్ వేగం అందుకోవాలి, ఆ తర్వాతే చక్రాలకు శక్తి అందుతుంది. ఆ ఆలస్యాన్ని డ్రైవరు కొన్ని సెకన్ల పాటు భరించాలి. పెడల్ వదిలినప్పుడు పవర్ టర్బైన్‌కు కంప్రెసర్‌తో బంధం లేదు కాబట్టి ఇంజిన్ బ్రేకింగ్ (పెడల్ వదలగానే ఇంజినే కారును నెమ్మదింపజేయడం) ఉండదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. క్లచ్‌ను తీసేయించిన ఆ తెలివైన ఏర్పాటుకు చెల్లించిన మూల్యం ఇది.

వేడిని వెనక్కు రాబట్టే ప్రయత్నం: టీ3, టీ4

లోపం తెలిశాక మందు కూడా తెలిసిందే. ఎగ్జాస్ట్ గుండా కొన్ని వందల డిగ్రీల వేడి ఊరికే పోతోంది. ఆ వేడితో కంప్రెసర్ నుంచి వచ్చే గాలిని దహన గదికి ముందే వేడి చేయగలిగితే అంత మేరకు ఇంధనం మిగులుతుంది. ఈ పని చేసే హీట్ ఎక్స్ఛేంజర్‌ను చక్కగా ఇమిడ్చిన మొదటి రోవర్ కారు 1956లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనలో కనిపించిన టీ3. ఫైబర్ గ్లాస్ బాడీ, నాలుగు చక్రాల డ్రైవ్, నాలుగు డిస్క్ బ్రేకులు, వెనక 110 హార్స్ పవర్ ఇంజిన్. మైలేజీ గ్యాలన్‌కు 13 మైళ్ల దరిదాపులకు, అంటే జెట్ 1 కన్నా రెట్టింపుకు చేరింది. ఇంజిన్ బ్రేకింగ్ లేని కారుకు డిస్క్ బ్రేకులు అలంకారం కోసం పెట్టినవి కావని గమనించాలి.

1961 నాటి టీ4 మరింత గంభీరమైన ప్రయత్నం. పైన చెప్పిన రెండు నమూనాలూ టర్బైన్‌ను పరీక్షించడం కోసం కట్టినవి. టీ4 మాత్రం అప్పటికి రోవర్ రహస్యంగా రూపొందిస్తున్న పీ6 సెడాన్ బాడీకి టర్బైన్‌ను అమర్చిన కుటుంబపు కారు. 140 హార్స్ పవర్ ఇంజిన్ ముందు, డ్రైవ్ కూడా ముందు చక్రాలకే. ఎగ్జాస్ట్ వేడిని నడుమనున్న వెడల్పాటి సొరంగం గుండా వెనక్కు పంపారు. 1962లో దీన్ని న్యూయార్క్ ప్రదర్శనకు తీసుకెళ్లారు, అదే ఏడాది లె మాన్ రేసుకు ముందు ట్రాక్ మీద ఒక చుట్టు నడిపించారు. కారు ఇంటికి తీసుకెళ్లదగినంత నాగరికంగా ఉంది. కానీ అంత శక్తినిచ్చే పిస్టన్ ఇంజిన్ కన్నా తయారీ ఖర్చు ఎంతో ఎక్కువ, మైలేజీ ఇంకా తక్కువ. హీట్ ఎక్స్ఛేంజర్ లేకపోతే ఇంధనం పోతుంది, పెడితే బరువూ ఖర్చూ పెరుగుతాయి, ఇంజిన్ బేలో (ఇంజిన్‌ను అమర్చే అరలో) చోటు పోతుంది. ఈ చిక్కుముడిని టీ4 విప్పలేకపోయింది.

అయినా అది వట్టినే పోలేదు. 1963 అక్టోబరులో రోవర్ 2000 పేరుతో మార్కెట్లోకి వచ్చిన పీ6లో ముందు సస్పెన్షన్ స్ప్రింగులను నిలువుగా కాకుండా అడ్డంగా, ఇంజిన్ బే వెనక గోడకు ఆనించి పెట్టారు. టర్బైన్‌కు కావలసిన వెడల్పు ఇంజిన్ బేలో దొరకడమే ఆ ఏర్పాటుకు ఒక ముఖ్య కారణం. ఆ టర్బైన్ ఎప్పుడూ రాలేదు, చోటు మాత్రం మిగిలింది. తర్వాత రోవర్ ఆ బేలోనే 3.5 లీటర్ల వీ8 ఇంజిన్‌ను పెట్టి అమ్మింది. నమూనా కారు ప్రభావం ఎక్కడ మిగులుతుందో వెతికేవారు ఇలాంటి చోట్ల, స్ప్రింగు దిశలోనూ గోడ మందంలోనూ వెతకాలని నా అభిప్రాయం.

లె మాన్: 1963, 1965

లె మాన్ నిర్వాహకులు, 24 గంటల పాటు గంటకు సగటున 150 కిలోమీటర్లకు పైగా నడిచే మొదటి టర్బైన్ కారుకు ఒక ప్రత్యేక బహుమతి ప్రకటించారు. రోవర్ ఫార్ములా వన్ జట్టు బీఆర్‌ఎంతో చేయి కలిపింది. 1962 మొనాకో రేసులో దెబ్బతిన్న రిచీ గింథర్ కారు చాసీని తీసుకుని, వెడల్పు పెంచి, అందులో 150 హార్స్ పవర్ టర్బైన్ పెట్టారు. గ్రాహమ్ హిల్, రిచీ గింథర్ డ్రైవర్లు. అధికారిక వర్గీకరణకు బయట పరుగెత్తింది కాబట్టి కారు నంబరు ‘00’. ఆ కారు గంటకు సగటున 173 కిలోమీటర్లకు పైగా, మొత్తం 4,100 కిలోమీటర్లు దాటి నడిచి బహుమతి గెలుచుకుంది.

డ్రైవర్లు నేర్చుకోవలసింది కూడా తక్కువేమీ కాదు. మామూలు కారులో మలుపు మధ్యకు చేరాక నొక్కే పెడల్‌ను ఇందులో మలుపులోకి దిగకముందే, ఎడమ కాలు బ్రేకు మీద ఉండగానే కుడి కాలితో నొక్కాలి. అప్పుడే బయటికి వచ్చే సమయానికి కంప్రెసర్ వేగం అందుకుని ఉంటుంది. ఇంజిన్‌లో దాగిన ఆలస్యాన్ని డ్రైవరు కాళ్లతో సరిదిద్దాల్సి వచ్చేది.

ఈ విజయానికి చరిత్రలో చాలా చోటు దక్కింది. నేను దాన్ని కొంచెం జాగ్రత్తగా చూస్తాను. అప్పటి లె మాన్‌లో అడ్డంకుల్లేని ముల్సాన్ సరళరేఖ ఒక్కటే దాదాపు ఆరు కిలోమీటర్లు. 13 కిలోమీటర్లకు పైగా ఉండే చుట్టులో పెడల్ ఎక్కువ భాగం నేలకు తగిలే ఉంటుంది. టర్బైన్‌కు ఇంతకన్నా అనుకూలమైన పరీక్ష దొరకదు. ఇంజిన్ 24 గంటలు నిలబడుతుందన్న విషయాన్ని ఆ రేసు నిస్సందేహంగా రుజువు చేసింది. ఊళ్లో ఎలా ఉంటుందన్న ప్రశ్నను అసలు అడగనే లేదు. హీట్ ఎక్స్ఛేంజర్ సిద్ధం కాకపోవడంతో అది లేకుండానే పరుగెత్తారు, మైలేజీ గ్యాలన్‌కు ఏడు మైళ్లు. అనుకూలమైన చోట కూడా అంతే.

అందుకే నా దృష్టిలో 1965 నాటి పదో స్థానం పెద్దది. విలియం టౌన్స్ గీసిన పైకప్పున్న బాడీతో, గ్రాహమ్ హిల్, జాకీ స్టీవర్ట్ డ్రైవర్లుగా వచ్చిన ఈ కారులో తిరిగే సిరామిక్ హీట్ ఎక్స్ఛేంజర్లు ఉన్నాయి. సన్నని రంధ్రాలతో తేనెపట్టులా ఉండే సిరామిక్ చక్రం మెల్లగా తిరుగుతూ ఉంటుంది. ఒక సగం ఎగ్జాస్ట్ దారిలో వేడెక్కి, అదే సగం తిరిగి వచ్చి చల్లని గాలికి ఆ వేడిని ఇస్తుంది. లోహపు పలకల హీట్ ఎక్స్ఛేంజర్ కన్నా తక్కువ చోటులో, తక్కువ బరువుతో ఎక్కువ వేడిని తిరిగి రాబట్టడం దీని గుణం. కష్టమంతా సీళ్ల (గాలి కారిపోకుండా ఆపే పట్టీల) దగ్గర ఉంటుంది: ఒక పక్క పీడనంతో ఉన్న గాలి, మరో పక్క దాదాపు బయటి పీడనంలో ఉన్న ఎగ్జాస్ట్, మధ్యలో వేడికి కాగుతూ తిరుగుతున్న పెళుసు చక్రం. వాటి మధ్య రాపిడితో నిలిచే సీలు 24 గంటలు పట్టు విడవకపోవడం ఎంత పెద్ద సంగతో టెస్ట్ బెడ్ దగ్గర పనిచేసినవారికి చెప్పనక్కర్లేదు.

రేసు తొలి దశలోనే కారు ట్రాక్ అంచు దాటి ఇసుకలోకి వెళ్లడంతో ఇసుక ఇంజిన్‌లోకి పోయి బ్లేడు కొసలు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత ఉష్ణోగ్రత ముల్లు హద్దు దాటకుండా కనిపెట్టుకుంటూ, వేగాన్ని అదుపులో పెట్టుకుని నడపాల్సి వచ్చింది. అయినా సగటు వేగం గంటకు 159 కిలోమీటర్లు. ఆ ఏడాది రేసు ముగించిన బ్రిటిష్ కార్లలో ఇదే ముందుంది. మైలేజీ గ్యాలన్‌కు 13.5 మైళ్లు. 1963తో పోలిస్తే దాదాపు రెట్టింపు. ఈ మెరుగుదలనంతా హీట్ ఎక్స్ఛేంజర్ ఖాతాలో వేయకూడదు: సగటు వేగం తగ్గింది, బాడీ మారింది, దెబ్బతిన్న ఇంజిన్‌ను నెమ్మదిగా నడిపారు. ఆ మూడింటినీ తీసేసినా మిగిలే భాగం గణనీయమైనదేనని, కార్ల టర్బైన్ చరిత్రలో బ్రిటన్ సాధించిన అసలైన ఇంజినీరింగ్ ఫలితం అదేనని నేను నమ్ముతాను.

ఆ తర్వాత

రోవర్ టర్బైన్ కారు మళ్లీ రేసుకు రాలేదు. 1967లో రోవర్ లేలాండ్‌లో కలిసింది. టర్బైన్ బృందం దృష్టి లారీల వైపు మళ్లింది. ఆ మార్పులో తర్కం ఉంది, ఎందుకంటే దూరప్రయాణపు లారీ కారు కన్నా ఎక్కువ సేపు ఎక్కువ శక్తి మీద నడుస్తుంది. అదీ ఉత్పత్తి దాకా రాలేదు. రోవర్ చిన్న టర్బైన్లు అసలు నిలదొక్కుకున్నది రోడ్డుకు దూరంగానే: పంపులు తిప్పడానికి, జనరేటర్లు నడపడానికి వాటిని అమ్మారు, వల్కన్ బి2 బాంబర్ విమానంలో అవి సహాయక విద్యుత్ యూనిట్‌గా పనిచేశాయి. ఒకే వేగం, ఒకే లోడు, మధ్యలో ఆగడం లేని పని. కార్లు మ్యూజియంలకు చేరాయి. జెట్ 1 లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.

నలభై అయిదేళ్ల తర్వాత ఈ ఆలోచన మరో బ్రిటిష్ నమూనాలో తిరిగి కనిపించింది. అప్పటికే టాటా మోటార్స్ చేతిలో ఉన్న జాగ్వార్, 2010 పారిస్ ప్రదర్శనలో సీ-ఎక్స్75 అనే కాన్సెప్ట్ కారును చూపించింది. నాలుగు చక్రాలకు నాలుగు ఎలక్ట్రిక్ మోటార్లు, వెనక బ్లేడన్ సంస్థ చేసిన రెండు చిన్న టర్బైన్లు. ఒక్కొక్కటి 70 కిలోవాట్లు, నిమిషానికి 80,000 చుట్లు. ఈ టర్బైన్ల ముఖ్యమైన పని జనరేటర్‌ను తిప్పి బ్యాటరీని నింపడం. రోవర్ కేసు తెలిసినవారికి ఈ అమరిక ఎంత సరైనదో వెంటనే అర్థమవుతుంది: టర్బైన్‌కు నచ్చిన వేగం దగ్గరే దాన్ని ఉంచి, పెడల్‌తో వచ్చే ఎగుడుదిగుళ్లన్నీ మోటారుకూ బ్యాటరీకీ అప్పగించారు. జెట్ 1లో ఉన్న మూడు ఇబ్బందులు, తక్కువ శక్తి దగ్గరి ఖర్చు, ఆలస్యం, ఇంజిన్ బ్రేకింగ్ లేకపోవడం, కాగితం మీద ఒకేసారి తీరిపోయాయి. మోటారు బ్రేకు వేసినప్పుడు కరెంటు కూడా తిరిగి వస్తుంది.

మిగిలిన చిక్కులు మాత్రం తీరలేదు. అంత చిన్న టర్బైన్ పూర్తి పెడల్ మీద కూడా మంచి పిస్టన్ ఇంజిన్‌ను ఇంధన పొదుపులో అందుకోవడం కష్టం. తయారీ ఖర్చు, ఎగ్జాస్ట్ వేడిని కారు బాడీకి తగలకుండా బయటికి పంపే సమస్య టీ4 నాటివే. 2011లో విలియమ్స్ సంస్థతో కలిసి దీన్ని ఉత్పత్తికి తెస్తామని ప్రకటించేసరికి టర్బైన్లు తప్పుకున్నాయి. వాటి చోటులో టర్బోచార్జర్‌తో పాటు సూపర్‌చార్జర్ కూడా ఉన్న 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్ వచ్చింది. ఆ ఇంజిన్‌తో నడిచే పరీక్షా కార్లు తయారయ్యాయి. 2012 డిసెంబరులో జాగ్వార్ ప్రాజెక్టును ఆపేసింది.